దొరకలేదని రాసిచ్చిన చీటీ

బళ్ళారిలో మా సంఘం ఆఫీసు వెనక గదిలో నేను ఇరవయ్యెనిమిదేళ్ళు రికార్డు గుమాస్తాగా ఉన్నాను. ఎవరో వచ్చి, చనిపోయిన ఒక మనిషి పేరు చెబుతారు. ఆ మనిషికి ఎప్పుడు బాప్తిస్మం ఇచ్చారు, తల్లిదండ్రులెవరు, ఎక్కడ పూడ్చారు అన్నది పాత పుస్తకాల్లో వెతికి, ఉన్నది ఉన్నట్టు నకలు రాసివ్వాలి. పని అంతే.

ఆ గదిలో ఇప్పుడు ఇద్దరు కొత్తవాళ్ళు చేరారు. పని గురించి ఏమైనా రాసివ్వమని అడిగారు. ఫారాలు ఎలా నింపాలో వాళ్ళకు నాకంటే బాగా తెలుసు కాబట్టి ఆ జోలికి పోను. నాకు పని నేర్పిన మనిషిని పోయిన నెలలో పూడ్చి వచ్చాం. ఆమె గురించి, ఆమె సెలవులో ఉన్న వారంలో నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను.

గది

గదిలో మూడు ఇనప బీరువాలు, ఒక పొడవాటి బల్ల, రెండు కుర్చీలు. కొత్త పుస్తకాలు మా సంఘానివి. బాగా పాతవి పటాలం గుడివి. పూర్వం ఇక్కడ ఇంగ్లీషు పటాలం ఉండేది. సిపాయిల పిల్లలకు ఆ గుడి పాదిరి బాప్తిస్మం ఇచ్చి పుస్తకంలో రాసేవాడు. ఆ గుడి మూతపడ్డాక పుస్తకాలు మా దగ్గరికి వచ్చాయి. వాటిలో పెళ్ళిళ్ళ పుస్తకం ఒకటి చెదలు తినేసింది. అట్ట మాత్రం మిగిలింది.

నేను చెప్పబోయేది గనులు జోరుగా నడిచిన రోజుల సంగతి. సండూరు కొండల నుంచి ఖనిజం లారీలు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. కిటికీలు మూసుకున్నా ఎర్రదుమ్ము లోపలికి చేరేది. పొద్దున ఆఫీసు తెరవగానే గడ్డం గీసుకునే మెత్తటి బ్రష్షుతో ఒక్కొక్క పుస్తకం అంచు దులిపేవాణ్ణి. తడిగుడ్డ వాడకూడదు. తడి తగిలితే ఆ దుమ్ము కాగితంలోకి ఇంకుతుంది, మరక పోదు. ఈ సంగతి నేను ఒక పేజీ పాడుచేసి తెలుసుకున్నాను.

ఆ రోజుల్లో గదికి వచ్చేవాళ్ళు కూడా పెరిగారు. భూమి ధర పెరిగేసరికి చాలామందికి తాతలు గుర్తొచ్చారు. ఫలానావాడు మా తాతేనని రాసిమ్మని అడిగేవాళ్ళు. అలాంటివాళ్ళ మధ్య ఎప్పుడో ఒకసారి, ఊరికే తెలుసుకోవాలని వచ్చేవాళ్ళు ఉండేవాళ్ళు. పని నేర్చుకున్నది వాళ్ళ వల్లే.

టీచరమ్మ

పుస్తకాలన్నిటి బాధ్యత కరుణమ్మ గారిది. మిషన్ బడిలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి వచ్చారు కాబట్టి అందరూ టీచరమ్మ అనేవాళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. తెల్లచీర, చేతి గడియారం, చదివేటప్పుడు గీత కింద పెట్టుకునే ఒక చెక్క స్కేలు. ఆమెలో లోపాలు లేవని చెప్పను. మహా నిదానం. ఒక్క నకలు కోసం మనుషుల్ని మూడుసార్లు తిప్పేవారు. పని బాగా చేశావని నాతో ఒక్కసారి కూడా అనలేదు.

కానీ ఆమె ముందు అబద్ధం నిలిచేది కాదు. ఒకరోజు ఒక కాంట్రాక్టరు వచ్చాడు. తమ్ముడికి గనుల్లో ఉద్యోగం కోసం పుట్టిన తేదీ రెండేళ్ళు ముందుకు జరపాలట.

"రెండేండ్లే కదమ్మా, ఎవరు చూస్తారు?" అన్నాడు.

టీచరమ్మ పుస్తకం తెరిచి అతని వైపు తిప్పారు. "ఆ ఏడు పుట్టినోళ్ళ పేజీ ఇది. నిండిపోయుండాది, చూడు. మీ తమ్ముణ్ణి ఈడికి తేవాలంటే ఎవర్నో ఒకర్ని తీసేయాల. ఎవర్ని తీసేద్దామో నువ్వే చెప్పప్పా."

అతను పేర్లు పైకే చదివాడు. మూడో పేరు అతని బావమరిదిది. "వీన్ని తీసేస్తే నా పెండ్లాం నన్ను ఇంట్లో నుంచి తీసేస్తాది" అని నవ్వి, లేచి వెళ్ళిపోయాడు. టీచరమ్మ నవ్వలేదు. పుస్తకం మూసి బీరువాలో పెట్టారు.

ఆమె పద్ధతి ఒకటుండేది. ఒక నమోదు చదివితే మొత్తం చదవాలి. బిడ్డ, తండ్రి, తల్లి, వృత్తి, సాక్షులు అన్నీ చదివి, ముందు పేజీ, వెనక పేజీ కూడా చూడాలి. పుస్తకం చివర పేర్ల పట్టీ ఉంటుంది. అది చాలా ఏళ్ళ తర్వాత ఇంకెవరో తయారుచేసింది. దాన్ని చూసి జవాబు చెప్పకూడదు. నేను ఆ పద్ధతిని గౌరవించేవాణ్ణి. తొందరలో ఉన్నప్పుడు పాటించేవాణ్ణి కాదు.

సలోమి అడిగింది

టీచరమ్మ కంటి ఆపరేషన్‌కి సెలవు పెట్టిన వారం సలోమి వచ్చింది. యాభై దాటిన మనిషి. ఊరు బళ్ళారి పక్కనున్న కప్పగల్లు. జీన్స్ బట్టలు ఉతికే యూనిట్లో పని. గోళ్ళ చుట్టూ నీలిరంగు అంటుకుని ఉంది. చేతిలో ఒక చిన్న ఇత్తడి డబ్బా.

"మా వంశంలో ఆరు తరాల ముందరి మనిషి సార్. పేరు మా దగ్గరే ఉండాది. ఆయప్ప పెండ్లి చేసుకున్నాడా లేదా, అది కావాల."

డబ్బా మూత లోపలి వైపు మేకుతో గీసిన ఇంగ్లీషు అక్షరాలున్నాయి. యెల్లె డౌవెస్.

"ఈయన ఎవరో మీకేమైనా తెలుసా?"

"పటాలంలో గుర్రాలకు నాడాలు కొట్టేటోడంట. ఇంగ్లీషోడు కాదంట. డచ్చోడివా అంటే కోపం వచ్చేదంట. సముద్రం కన్నా నేల కిందికి ఉండే దేశమంట సార్, కట్టలు కట్టి నీళ్ళు ఆపుతారంట. అట్లాంటి దేశం ఉండాదా, లేక మా అమ్మ సుమ్నే కత చెప్తాందా?"

ఉందని చెప్పాను. హాలండుకు ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఫ్రీస్‌లాండ్ అని ఒక సీమ ఉంది. అక్కడివాళ్ళ భాష వేరు. డచ్చివాళ్ళంటే వాళ్ళు ఒప్పుకోరు. ఈ సంగతి ఎక్కడో చదివి గుర్తుపెట్టుకున్నందుకు నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

"ఇప్పుడెందుకమ్మా ఇది?" అని అడిగాను.

ఆమె చెప్పింది. మా సంఘంలో ఒక ఆచారం ఉంది. బాప్తిస్మం రోజున ఆ ఇంటి పెద్దామె బిడ్డను ఎత్తుకుని బాప్తిస్మపు గిన్నె దాకా నడిచి, పాదిరి అయ్యగారి చేతుల్లో పెడుతుంది. పుస్తకంలో సాక్షుల గడిలో ఆమె పేరు ఉంటుంది. సలోమి తల్లి మార్తమ్మ నడివయసులో ఒకసారి అలా చుట్టాల బిడ్డను ఎత్తుకుని బయలుదేరితే, ముందు బెంచీలో ఒకామె అందట: "పటాలం బజార్లో పెండ్లి లేకుండా పుట్టినోళ్ళ వంశం. వాళ్ళు బిడ్డను తెచ్చేదేంది?" మార్తమ్మ బిడ్డను పక్కామె చేతికిచ్చి చివరి బెంచీలోకి వెళ్ళి కూర్చుంది. ఆ తర్వాత సొంత మనవళ్ళను కూడా ఎత్తుకుని నడవలేదు. ఇప్పుడు దోణిమలై గనుల్లో డంపరు నడిపే సలోమి కొడుకుకి కూతురు పుట్టింది. బాప్తిస్మం ఇవ్వాలి. మార్తమ్మకు ఎనభై దాటాయి.

"బిడ్డను నువ్వే తీసుకపోమ్మా అంటే, ఆ దొరతో ఉన్న ఆయమ్మకు పెండ్లయినాదో లేదో కనుక్కో, అయింటే తీసుకపోతా, కాకుంటే నన్ను అడగొద్దు అంటాది. ఆమె ఎత్తుకోందే నా కొడుకు ఒప్పుకోడు. ఇద్దరూ ఒకటే మొండి."

మూడు రోజుల్లో తేల్చాను

పూడ్చినవాళ్ళ పుస్తకంలో మొదటి రోజే దొరికాడు. యెల్లె డౌవెస్, నాడాల పనివాడు, ఫ్రీస్‌లాండ్ వాసి. ఉత్సాహం వచ్చింది. పెళ్ళిళ్ళ పుస్తకం చెదల పాలైంది కాబట్టి పిల్లల బాప్తిస్మాల్లో చూడాలి. బిడ్డ నమోదులో తల్లి ఎవరో, ఆమె భార్యో కాదో రాసి ఉంటుంది. మూడు పుస్తకాల చివర ఉన్న పేర్ల పట్టీలు తీసి డౌవెస్ అనే ఇంటిపేరు కోసం చూశాను. ఒక్కటీ లేదు. రెండోసారి చూశాను. లేదు.

చీటీ రాశాను. "యెల్లె డౌవెస్‌కు వివాహం జరిగినట్టు గాని, సంతానం కలిగినట్టు గాని మా పుస్తకాలలో లేదు." సంతకం చేసి, ముద్ర వేసి సలోమికిచ్చాను. ఆమె అక్కడే చదువుకుంది.

"లేదంటే, కాలేదనేనా సార్?"

"పుస్తకంలో లేదమ్మా" అన్నాను. ఆమె అడిగినదానికి అది జవాబు కాదు. అది నాకప్పుడే తెలుసు. అయినా ఇంకేమీ చెప్పలేదు. ఆమె చీటీ మడిచి డబ్బాలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

నీ పేరేంది

టీచరమ్మ ఒక కంటికి కట్టుతో తిరిగొచ్చారు. తాను లేనప్పుడు ఇచ్చిన నకళ్ళన్నీ చదివి వినిపించమన్నారు. సలోమి చీటీ దగ్గర ఆపారు.

"ఇంకోసారి చదువు."

చదివాను.

"లేదని ఎవరు చెప్పినారు?"

"పుస్తకం, టీచరమ్మా."

"పుస్తకమా, పుస్తకం చివర పట్టీనా?"

పట్టీయేనని ఒప్పుకున్నాను.

"నీ పేరేంది?"

"ప్రభుదాస్."

"అది నాకూ తెలుసు. పూర్తి పేరు."

"ప్రభుదాస్ యేసురత్నం."

"యేసురత్నం ఎవరు?"

"మా నాయన."

"నీ కొడుకు పేరు?"

"సుధీర్ ప్రభుదాస్."

"నూరేండ్ల తర్వాత నీ మాదిరి తెలివైనోడు ఒకడు ఈ కుర్చీలో కూచొని, ప్రభుదాస్ యేసురత్నం కొడుకు కోసం పట్టీలో యేసురత్నం కింద వెతికి, వానికి పిల్లలే లేరు అని ముద్ర కొట్టిస్తే?"

"వాళ్ళు దొరలు కదా టీచరమ్మా. ఇంటిపేరు ఉంటుందనుకున్నాను."

"ఎవరు చెప్పినారు నీకు?"

ఎవరూ చెప్పలేదు. తెల్లవాడన్న తరువాత ఇంటిపేరు ఉండి తీరుతుందని నేనే అనుకున్నాను. నా పేరు వెనక నా తండ్రి పేరు, నా కొడుకు పేరు వెనక నా పేరు పెట్టుకుని తిరుగుతున్నవాణ్ణి, ఇంకొకరి పేరు కూడా అలాగే ఉండొచ్చన్న ఆలోచన నాకు రాలేదు. తర్వాత చరిత్ర పుస్తకాలు చదివి తెలుసుకున్నాను. ఫ్రీస్‌లాండ్‌లో చాలామందికి ఆ కాలంలో ఇంటిపేర్లు ఉండేవి కావు. డౌవె కొడుకు యెల్లె అయితే యెల్లె డౌవెస్. అతని కొడుకు పేరు చివర డౌవెస్ ఉండదు, యెల్లెస్ ఉంటుంది. ఫ్రెంచివాళ్ళు అక్కడ ఏలుబడికి వచ్చి, అందరూ ఇంటిపేరు పెట్టుకోవాలని హుకుం చేసేదాకా అదే రివాజు. మన మనిషి అంతకు ముందే ఇల్లు విడిచి వచ్చినవాడు.

టీచరమ్మకు ఇదంతా తెలియదు. ఆమె ఫ్రీస్‌లాండ్ పేరు కూడా అంతకుముందు వినలేదు. తెలియని చోట తెలిసినట్టు నడుచుకోకూడదన్నది మాత్రం ఆమెకు తెలుసు.

పేజీ

పట్టీ పక్కన పెట్టి మొదటి పుస్తకం మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాం. ఆమె కంటికి కట్టు ఉంది కాబట్టి నేను చదవాలి, ఆమె వినాలి. చెక్క స్కేలు నా చేతికిచ్చారు. ఒక్కొక్క నమోదు పూర్తిగా చదివించారు. నేను సాక్షుల పేర్లు వదిలేస్తే, "సాక్షులు యాడికి పోయినారు?" అనేవారు.

చదువుతున్నకొద్దీ నాకు ఒకటి కనిపించింది. తండ్రి పేరు, హోదా, పటాలం అన్నీ వివరంగా ఉంటాయి. తల్లి ఇక్కడి మనిషి అయితే చాలా చోట్ల "దేశీ స్త్రీ" అని రెండు మాటలే. పేరు ఉండదు. పేజీ తరువాత పేజీ అలాగే. రెండో రోజు మధ్యాహ్నానికి ఆ రెండు మాటలు నోటితో పలకడం నాకు కష్టమైంది. టీచరమ్మ మాత్రం ప్రతిసారీ తల ఊపి "ఊఁ" అనేవారు, ఒక పేరు విన్నట్టే.

మూడో రోజు రెండో పుస్తకంలో కనిపించింది. స్కేలు జరిపి చదివాను.

"డౌవె యెల్లెస్, మగబిడ్డ. తండ్రి యెల్లె డౌవెస్, నాడాల పనివాడు, ఫ్రీస్‌లాండ్ వాసి. తల్లి సారా, పూర్వం నాగమ్మ, ఇదే గుడిలో అతనితో వివాహమైన భార్య, కప్పగల్లు హనుమప్ప కూతురు."

నేను ఆగాను.

"సాక్షులు" అన్నారు టీచరమ్మ.

సాక్షులిద్దరి పేర్లు చదివాను. బయట లారీల చప్పుడు వినిపిస్తోంది.

బిడ్డకు తాత పేరు పెట్టాడు, మనవాళ్ళలాగే. తన పేరు వెనక చేర్చాడు. ఆ పేజీలో తక్కిన తల్లుల్లో ఎక్కువమంది దేశీ స్త్రీలే. ఈమె ఒక్కదానికి రెండు పేర్లు, తండ్రి పేరు, ఊరి పేరు ఎందుకున్నాయో నాకు తెలియదు. చేతిరాత అదే, సిరా అదే. రాసేవాడి ముందు ఆ నాడాల పనివాడు నిలబడి, అలాగే రాయమని పట్టుబట్టి ఉండాలి. ఇది నా ఊహ. నకలులో ఊహ రాయకూడదు. కానీ ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ దొర మీదా కలగని గౌరవం ఆ మనిషి మీద నాకు కలిగింది.

చివర పట్టీలో ఈ బిడ్డ యెల్లెస్ కిందే ఉన్నాడు. నేను ఆ అక్షరం తిప్పి చూడలేదు.

"నకలు నువ్వే రాయి" అన్నారు టీచరమ్మ. "పోస్టులో వేయొద్దు. నువ్వే తీసుకపో. ఆ పాత చీటీ అడిగి తీసుకరా."

కప్పగల్లులో

ఆదివారం ఆరాధన అయ్యాక సలోమితోనే ఆటోలో వెళ్ళాను. మార్తమ్మ వాకిట్లో నులకమంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. మనిషి సన్నగా ఉన్నా గొంతు గట్టిది.

"పెండ్లి కాలేదని రాసినోడివి నువ్వేనా?"

"నేనే అవ్వా. తప్పు రాశాను."

"దస్తూరి బాగుండాది" అంది.

సలోమి తలతిప్పుకుని నవ్వింది. నేను నకలు తీసి మొదటి నుంచి చదవబోయాను. ముసలామె చేయి అడ్డం పెట్టింది.

"దొర పేరు నాకు తెలుసులేప్పా. డబ్బాలో ఉండాది. ఆయమ్మ పేరు చెప్పు. మా ఇంట్లో ఎవరికీ తెలీదు."

"నాగమ్మ. బాప్తిస్మంలో సారా అని పెట్టారు."

"పెండ్లి?"

"'ఇదే గుడిలో అతనితో వివాహమైన భార్య' అని రాసుంది."

చిక్కుడుకాయ చేతిలోనే ఉంది. "ఎవరి కూతురు?"

"హనుమప్ప కూతురు. కప్పగల్లు."

"యా కప్పగల్లు?"

"ఏందమ్మా, ఇంకో కప్పగల్లు యాడుండాది?" అంది సలోమి.

మార్తమ్మ వీధి వైపు చూసింది. ఎదుట ఒక కిరాణా కొట్టు, దాని ముందు రెండు బైకులు, మాట్లాడుకుంటున్న ఇద్దరు మగవాళ్ళు.

"ఈ ఊరి పిల్లేనా" అంది. "పటాలం బజారు, పటాలం బజారు అని నా పానం తీసిరి. ఈ ఊరి పిల్ల." నా వైపు తిరిగి, "మళ్ళా చదువు" అంది.

మళ్ళీ చదివాను. మూడోసారి కూడా చదివించుకుంది. మూడోసారి భార్య అన్న మాట దగ్గర ఆపి, "అది నీ మాటా, వాళ్ళ మాటా?" అని అడిగింది. వాళ్ళు రాసిందే, నేను ఒక్క అక్షరం కలపలేదని చెప్పాను. తల ఊపింది.

పాత చీటీ ఇమ్మన్నాను.

"ఇప్పుడియ్యను. బిడ్డను తెస్తా కదా, ఆ పొద్దు ఇస్తా."

సాక్షుల గడి

బిడ్డకు నాగమ్మ అని పెట్టాలని మార్తమ్మ పట్టుబట్టిందట. సలోమి కోడలు ఒప్పుకోలేదు. "బడిలో నగుతారవ్వా" అందట. పేరు ప్రిన్సీ అనే నిలిచింది.

ఆ ఆదివారం అయ్యగారు పిలిచినప్పుడు మార్తమ్మ చివరి బెంచీలో నుంచి లేచింది. బిడ్డ బొద్దుగా ఉంది, ఎనభై దాటిన చేతులకు బరువే. సలోమి మోచేతి కింద చేయి వేసి పక్కనే నడిచింది. మనవడు అడుగు ముందుకు వేయబోతే ముసలామె కళ్ళతోనే ఆపింది. ఆ మాట అన్నామె ఎప్పుడో చనిపోయింది. ఆమె కూతురు ముందు బెంచీలో ఉంది. మార్తమ్మ దగ్గరికి రాగానే ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుని దారి ఇచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు, "ఈడ కూచో పెద్దమ్మా" అంది. మార్తమ్మ కూర్చుంది.

ఆరాధన తర్వాత ఆఫీసులో పుస్తకం తెరిచి సాక్షి పేరు అడిగాను.

"మార్తమ్మ. చాలప్పా."

"చాలదు" అన్నారు వెనక నుంచి టీచరమ్మ.

మార్తమ్మ, దానియేలు కూతురు, కప్పగల్లు అని రాశాను. ఆమె వేలిముద్ర వేయనంది. సంతకం చేస్తానంది. మూడు అక్షరాలు రాయడానికి చాలాసేపు పట్టింది. తర్వాత కొంగులో నుంచి మడిచిన చీటీ తీసి బల్ల మీద పెట్టింది.

నేను దాన్ని చింపబోతే టీచరమ్మ నా చేయి పట్టుకున్నారు. "ఇది కూడా రికార్డే" అన్నారు.

మార్తమ్మ మరుసటి ఏడు పోయింది. గనుల జోరు తగ్గింది, లారీలు తగ్గాయి, దుమ్ము తగ్గింది. నేను రిటైరయ్యాను. పోయిన నెలలో టీచరమ్మను పూడ్చిన రోజున, పుస్తకంలో ఆమె నమోదు నన్ను రాయమన్నారు. ఆమె తల్లి పేరు ఆఫీసులో ఎవరికీ తెలియలేదు. నాకూ తెలియదు. ఇన్నేళ్ళలో నేను ఆమెను అడగలేదు. బీరువా తెరిచి, ఆమె బాప్తిస్మం జరిగిన ఏటి పుస్తకం మొదటి పేజీ నుంచి చదివాను. రెండు గంటలకు దొరికింది. అప్పుడు రాశాను.

సలోమికి నేను రాసిచ్చిన ఆ చీటీ మీరు కూర్చునే బల్ల కుడి సొరుగులో ఉంది. ఎవరికైనా లేదని రాసిచ్చే ముందు ఒకసారి తీసి చూడండి. దస్తూరి బాగానే ఉంటుంది.